1,00,003 రూపాయలు, 42 ఇళ్లు

బెంగళూరులో మారతహళ్లి దాటాక ఒక అపార్ట్‌మెంటు. అందులో తెలుగువాళ్ల ఇళ్లు 42. ఉగాదికి భోజనాలు, షామియానా, పూలు కలిపి 98,887 రూపాయలు తేలాయి. పంచాంగం చదివిన పంతులుగారికి సంభావన 1,116. వెరసి 1,00,003. తలా ఇంతని గ్రూపులో పెట్టేస్తే ఐదు నిమిషాల పని అనుకున్నారు ట్రెజరర్‌గారు.

ఫోన్‌లో కొడితే 2381.0238095 అని వచ్చింది. అంటే తలా 2,381 పోగా ఒక్క రూపాయి మిగిలింది.

ఆ రూపాయేదో తనే వేసుకుంటానన్నారు మూడో అంతస్తు వదినగారు. అందరూ ఒక్క గొంతుతో వద్దన్నారు. సంక్రాంతి అరిసెలకి ఆవిడిచ్చిన బెల్లం సంగతి ఇప్పటికీ వింటూనే ఉన్నారు మరి.

"రెండిళ్లవాళ్లు ఊరెళ్లారుగా, 40తో భాగించండి" అన్నారొకరు. శేషం 3. ఒక్క ఇల్లే తీసేసి 41తో చేస్తే 4. పక్కింటి కన్నడిగుల్ని కలుపుకుని 43తో చేస్తే ఏకంగా 28.

పాపం, ట్రెజరర్‌గారి తప్పేం లేదు. 1,00,003 ప్రధాన సంఖ్య, ఆరంకెల ప్రధాన సంఖ్యల్లోకెల్లా చిన్నది. రూపాయల్లో సమానంగా పంచాలంటే ఒక్కరే మొత్తం కట్టాలి, లేదా 1,00,003 ఇళ్లుండాలి. బెంగళూరు బిల్డర్లు ఆ రెండోది కట్టినా కట్టేస్తారు గానీ, నీళ్ల ట్యాంకర్లు ఎక్కణ్ణుంచి తెస్తారు?

నమ్మకం లేకపోతే చేత్తోనే చూసుకోవచ్చు. చివరి అంకె 3 కాబట్టి 2, 5 పోవు. అంకెలన్నీ కూడితే 4, కాబట్టి 3 పోదు. 7, 11, 13 మూడింటికీ ఒకటే చిట్కా: చివరి మూడంకెలు విడదీసి, ముందున్న భాగంలోంచి తీసెయ్యాలి. 100లోంచి 3 పోతే 97. దాన్ని ఆ మూడింట్లో ఏదీ భాగించదు, కాబట్టి అసలు సంఖ్యనీ భాగించదు. 7 × 11 × 13 = 1001 కావడమే ఇందులో కిటుకు. వర్గమూలం 316 పైన కాస్తే గనక, 17 నుంచి 313 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. ఇంకో 59 భాగహారాలు. ఎదురింటి పదో తరగతి కుర్రాడికి అప్పగిస్తే 23 దగ్గరే వాడికి ట్యూషన్ గుర్తొచ్చింది.

ఒళ్లు మండే సంగతేంటంటే 1,00,002 = 2 × 3 × 7 × 2381. అంటే 42 ఇళ్లకీ తలా 2,381, శేషం సున్నా. సంభావన 1,115 ఇచ్చుంటే గొడవే లేదు. కానీ పంతులుగారి చేతిలో 1,115 పెట్టే తెలుగువాడు ఇంకా పుట్టలేదు.

యూపీఐలో పైసలు కూడా వెళ్తాయి కదండీ అంటూ ఆడిటర్‌గారు ఎక్సెల్ తెరిచారు. ప్రతి గడిలోనూ 2381.02, అడుగున మొత్తం 1,00,003.00. అందరూ మురిసిపోయారు. ఎక్సెల్ పైకి చూపించింది రెండు దశాంశాలే, కూడింది మాత్రం లోపల దాచుకున్న తోకతో సహా. కనిపించినంతే కడితే వచ్చేది 1,00,002.84. తగ్గినవి 16 పైసలు. తగ్గడంలోనూ శుభసంఖ్యే!

దీనికి విరుగుడుంది. 16 ఇళ్లు 2,381.03, మిగతా 26 ఇళ్లు 2,381.02 కడితే పైసాతో సహా సరి. "ఆ పైసా మేమే ఎందుకు ఎక్కువ కట్టాలండీ?" అని 42 ఇళ్ల నుంచీ మెసేజ్ వచ్చింది.

సరే, చీట్లు తీద్దామన్నారు. చీట్ల జిరాక్సుకి 4 రూపాయలు. ఖర్చులో కలిపితే 1,00,007. ఆడిటర్‌గారు కూర్చుని భాగించి చూస్తే, అదృష్టం, ఇది ప్రధాన సంఖ్య కాదు. 97 × 1031. ఇంకో 55 ఇళ్లు దొరికితే తలా 1,031, లెక్క కచ్చితంగా సరిపోతుంది.