దూలానికి నోరొస్తే వంశానికి ముప్పు

విజయనగరం కోట చుట్టుపక్కల మిగిలిన పెంకుటిళ్లలో ఏ అరుగు మీద కూర్చున్నా, ఆ ఇల్లు బొబ్బిలి యుద్ధం నాటిదేనని వినవలసిందే. 1757లో ఆ యుద్ధానికి ఎంతమంది కత్తి పట్టారో గానీ, అదే ఏడాది ఇల్లు కట్టించిన ముత్తాతల సంఖ్య అంతకు తగ్గదు. ఇంతటి ఏకాభిప్రాయం మీదికి, కర్రలో ఏటికొకటిగా పడే వలయాలను బట్టి చెట్టు ఏ కాలం నాటిదో తేల్చే వృక్షవలయ శాస్త్రం దండెత్తి వచ్చే ప్రమాదం ఉన్నందున, గృహస్థులను ముందుగా హెచ్చరించడం నా విధిగా భావిస్తున్నాను.

ఈ శాస్త్రానికి పెద్దంతరం, చిన్నంతరం లేవు. దీనికి ఆద్యుడైన డగ్లస్ అనే అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞుడు 1929లో ఒక కాలిన దూలం ముక్క ఆధారంగా అరిజోనా ప్రాంతపు పాత ఊళ్ల కాలాన్ని తేల్చేశాడు. బోలు బరమాతో దూలంలోంచి పెన్సిలంత కడ్డీని లాగుతారు. వానలు కురిసిన ఏడు వెడల్పుగా, ఎండిన ఏడు సన్నగా పడిన వలయాల వరుసను, కాలం ముందే తెలిసిన చెట్ల వరుసతో జతపరుస్తారు. గుగ్గిలం దూలాలున్నవారు కొంత నిబ్బరంగా ఉండవచ్చు, వాటి వలయాలు అంత తేలికగా చిక్కవు. టేకు మాత్రం ఏటేటా లెక్క రాసిపెట్టుకునే చెట్టు.

అంతకన్నా పెద్ద గండం మరొకటుంది. మన కొండల్లో కొట్టించిన టేకేనని మూడు తరాలుగా చెప్పుకుంటున్న ద్వారబంధం నిజానికి రంగం, అంటే బర్మాలోని రంగూన్ నుంచి ఓడలో దిగినదైతే, 1865లో ఇక్కడ వానలు తప్పి, మరుసటి ఏడు గంజాం జిల్లా కరువుతో అల్లాడిన సంగతి దానికి తెలియదు; బర్మా వానలే దానికి గుర్తు. తాతగారు రంగంలో ఏ పని చేసేవారన్న ప్రశ్న అక్కడ మొదలవుతుంది.

వడ్రంగి చేవలేని పైకర్రను చెక్కేసి ఉంటే చివరి వలయాలు దొరకవు, చెట్టు ఫలానా ఏటికి ముందు కొట్టినది కాదని మాత్రమే చెప్పగలరు. మనం వినకూడనిది సరిగ్గా ఆ మాటే. పాత ఇంటి దూలాన్ని కొత్త ఇంటికి ఎక్కించినచోట మాత్రం దూలం వయసును ఇంటికి అంటగట్టే వెసులుబాటు ఉంది. దీనిని ఏ వంశమూ చేజార్చుకోరాదు.

ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటుకు ఇచ్చేసిన కుటుంబాలకు ఈ బెడద లేదు. దూలాలు కోతమిల్లుకు చేరి సోఫాకాళ్లుగా మారినందున, వారి ముత్తాతలు 1757లోనే నిశ్చింతగా ఉన్నారు. కావాలంటే కోట కట్టిన 1713కు జరిగినా అడిగేవారు లేరు.