బెదురు గుర్రం పూచీ ఎవరిది?

ఇంగ్లండ్ పల్లెల్లోని బ్రిడిల్‌వేలు గుర్రపు రౌతులకూ పాదచారులకూ హక్కున్న బాటలు. 1968 కంట్రీసైడ్ చట్టం సైకిళ్లనూ వాటి మీదికి రానిచ్చింది. అయితే పాదచారులకు, రౌతులకు సైకిలిస్టులు దారివ్వాలని షరతు పెట్టింది. అమెరికా ట్రైల్స్‌లోనూ మామూలుగా సైకిలిస్టు అందరికీ, నడిచేవాళ్లు గుర్రానికి దారి వదులుతారు.

గుర్రమెక్కినవాళ్లు గొప్పవాళ్లని ఇచ్చిన మర్యాద కాదిది. దాదాపు అర టన్ను బరువుండే జంతువు బెదిరితే ఆపడం ఎవరి తరమూ కాదు కాబట్టి పెట్టుకున్న జాగ్రత్త. కొందరు రౌతులు మాత్రం దీన్ని తమ హక్కుగా చూస్తున్నారు. తోకకు ఎర్ర రిబ్బన్ కట్టేసి బాధ్యత తీరిందనుకుంటారు. ఈ గుర్రం తన్నుతుంది, దూరంగా ఉండండి అని దానర్థం. స్వారీ చేసేవాళ్లకు తెలిసిన గుర్తు, పిల్లలతో ఆదివారం నడకకొచ్చిన కుటుంబానికి ఎలా తెలుస్తుంది? తెలిసినా సరే, హెచ్చరించినంత మాత్రాన పూచీ చేతులు మారదు.

చట్టం ఈ విషయంలో ఇంకా కఠినం. ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో ఒక రాత్రి గుర్రాలు దేనికో బెదిరి, కంచె తెంచుకుని ఏ380 రోడ్డెక్కాయి. ఒక కారు ఢీకొని డ్రైవర్ తీవ్రంగా గాయపడ్డాడు. కంచె విషయంలో యజమానుల నిర్లక్ష్యం లేదని కోర్టే తేల్చింది. అయినా 1971 జంతువుల చట్టం కింద బాధ్యత వాళ్లదేనని 2003లో అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 మెజారిటీతో తీర్పిచ్చింది. తప్పులేని యజమానికి ఇది కాస్త ఎక్కువ శిక్షే అనిపిస్తుంది. కానీ తన గుర్రం బెదురుగొడ్డని తెలిసీ రద్దీ బాటకు తెచ్చినవాళ్ల మీద నాకు అంత జాలి కలగదు.

తోక వెనక సరిగ్గా ఏముందో గుర్రానికి కనబడదు. అటునుంచి చప్పుడు లేకుండా సైకిలొస్తే మెడ పైకి లేస్తుంది, ఒళ్లు బిగుసుకుంటుంది, అడుగులు పొట్టిగా పడతాయి. చాలాసార్లు పక్కకు గెంతేది ఆ తర్వాతే. ఆ క్షణాన్ని జీను మీదున్న మనిషి పసిగట్టాలి. దారిన పోయేవాళ్లకు అది చేతకాదు.

కొట్టంలో కట్టేస్తే బెదురు పోదుగా అంటారు రౌతులు. నిజమే. అయితే గుర్రం ట్రాఫిక్‌కు బెదురుతుందనుకుంటే నిదానమైన గుర్రాల తోడుతో వెళ్లమని బ్రిటన్ రోడ్డు నియమావళి హైవే కోడ్ చెబుతోంది. రోడ్డుకు రాసిన ఈ సలహా బాటకు మాత్రం పనికిరాదా? జనం లేని వేళ చూసుకోవచ్చు. దిగి కళ్లెం పట్టి నడిపిస్తే కొన్ని గుర్రాలు త్వరగా కుదుటపడతాయి. దిగడం నామోషీ అనుకునేవాళ్లతోనే తంటా.

మిగతావాళ్లకూ పని ఉంది. 2022లో సవరించిన హైవే కోడ్ ప్రకారం కార్లు గుర్రాన్ని గంటకు పది మైళ్లకు మించకుండా, కనీసం రెండు మీటర్ల ఎడంతో దాటాలి. వీకెండ్ హైక్‌కు వెళ్లే అక్కడి మనవాళ్లు గుర్రం కనబడగానే ఫోన్ తీసి ఎదురెళ్లకుండా, ఆగి "హలో" అంటే చాలు. మనిషి గొంతు వింటే గుర్రం చాలావరకు నెమ్మదిస్తుంది. ఆ తర్వాత రమ్మనాలో, ఆగమనాలో చెప్పాల్సింది రౌతే.