పూర్తిగా మూసిన గాయమే మంచి గాయమా?

మలాశయ క్యాన్సర్ ఆపరేషన్‌లో లోపలి అతుకు మానేదాకా దానిపైకి మలం రాకుండా చిన్నపేగును పొట్టపైకి తీసి సంచి తగిలిస్తారు. కొన్ని నెలలకు ఆ పేగును తిరిగి లోపలికి చేర్చి చర్మం మూస్తారు. ఈ రెండోది చిన్న ఆపరేషనే అంటారు. కానీ నెలల తరబడి మలం తగిలిన చర్మాన్ని అంచుకు అంచు చేర్చి గీతలా కుట్టేస్తే, ఎంత కడిగినా మిగిలిపోయే క్రిములూ ఊరే నీరూ లోపలే చిక్కుకుంటాయి. చివరికి ఆ కుట్లే విప్పి చీము తీయాల్సి వస్తుంది.

విరుగుడు 1997 నుంచీ వైద్య పత్రికల్లో ఉంది. పర్స్‌స్ట్రింగ్ పద్ధతిలో గుండ్రటి గాయం అంచు వెంబడి ఒకే దారం తిప్పి, బొందు లాగిన సంచి మూతిలా బిగించి, నడుమ చిన్న రంధ్రం వదిలేస్తారు. నీరు దానంతటదే బయటికి పోతుంది. 2010లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో గీత కుట్టు వేసిన 31 మందిలో 12 మందికి ఇన్ఫెక్షన్ రాగా, పర్స్‌స్ట్రింగ్ వేసిన 30 మందిలో ఇద్దరికే వచ్చింది. చిన్న పరీక్షేనని కొట్టిపారేద్దామంటే, 2014లో 113 మందిపై చేసిన అమెరికా పరీక్షలోనూ గీత కుట్టుకు 15 శాతం ఎక్కడ, పర్స్‌స్ట్రింగ్‌కు 2 శాతం ఎక్కడ!

తెరిచి ఉన్న గాయాన్ని చూసి రోగి బెదురుతాడని, వారాల తరబడి డ్రెస్సింగ్ తప్పదని కొందరి అభ్యంతరం. నిజమే, కానీ ముందే చెప్పి చేసే డ్రెస్సింగ్ వేరు, చీము పట్టాక చేసేది వేరు. ఇక, మూసిన చోట పేగు ఉబికివచ్చే హెర్నియా సంగతి చర్మపు కుట్టుతో తేలేది కాదు. అది కింది కండర పొరకు సంబంధించినది. అక్కడ జీవకణజాలంతో చేసిన వల (మెష్) పెడితే రెండేళ్లలో హెర్నియా 20 నుంచి 12 శాతానికి తగ్గిందని 2020లో లాన్సెట్ ప్రచురించిన పరీక్ష తేల్చింది.

ఇంత తేడా కనిపిస్తున్నా గీత కుట్టు వదలనివారు చెప్పే మాట ఒక్కటే: 'నా రోగులకు ఇన్ఫెక్షన్లు రావు.' వచ్చినా ఆ సర్జన్‌కు తెలిసేదెలా? ఆపరేషన్ గాయపు ఇన్ఫెక్షన్‌ను 30 రోజుల వరకూ లెక్కించాలన్నది అంతర్జాతీయ నిర్వచనం. రోగి మాత్రం నాలుగైదు రోజులకే ఇంటికి చేరతాడు. డిశ్చార్జి కాగితంలో 'గాయం బాగుంది' అని రాయించుకున్న మనిషి పదో రోజున ఊళ్లో ఆర్‌ఎంపీ బల్ల మీద పడుకుని చీము తీయించుకుంటే, ఆ సంగతి ఆసుపత్రి రిజిస్టర్‌లోకి ఎక్కదు. ముప్పయ్యో రోజున నర్సు ఒక ఫోన్ చేసి, కుట్లు ఎవరు విప్పారో, ఎందుకు విప్పారో అడిగి రాసుకుంటే చాలు. ఏ కుట్టు వేయాలన్న వాదన ఆ ఆసుపత్రి లెక్కలతోనే తెగుతుంది.