మహారాజశ్రీ 138 గారికి

మహారాజశ్రీ నూట ముప్పై ఎనిమిది గారి సముఖానికి, నిజాంపేటలో మూడో అంతస్తులో కాపురముంటున్న నలభై రెండేళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నమస్కరించి వ్రాయునది ఏమనగా:

ఇక్కడ మేమంతా క్షేమం. గుండె కూడా బాగానే కొట్టుకుంటోంది. తమరు అనుమతించిన దానికంటే కాస్త ఎక్కువే కొట్టుకుంటోంది. ఉత్తరం రాయాల్సి వచ్చింది అందుకే.

మన పరిచయం ఈ జనవరిలో కదా. అంతకుముందు ఆగస్టులో నేను హైదరాబాద్ హాఫ్ మారథాన్, అంటే ఇరవయ్యొక్క కిలోమీటర్లు, పరిగెత్తాను. పరిగెత్తాను అంటే, మొదటి పన్నెండు కిలోమీటర్లు పరిగెత్తాను. ఆ తర్వాత నేను ఫ్లైఓవర్లు ఎక్కలేదు, అవే ఒక్కొక్కటిగా నా మీద ఎక్కాయి. గచ్చిబౌలి స్టేడియంలో మెడల్ చేతికిచ్చిన కుర్రాడు నా మొహం చూసి "అంకుల్, ముందు కూర్చోండి" అన్నాడు. ఆ 'అంకుల్' అరగడానికి నాలుగు నెలలు పట్టింది. అరిగాక ఓ మిత్రుడు తమరి అడ్రస్ ఇచ్చాడు. "నువ్వు రోజూ రొప్పుతూ పరిగెత్తే చెడిపోయావురా. 180లోంచి నీ వయసు తీసెయ్. నిమిషానికి గుండె ఆ అంకె దాటి కొట్టుకోకుండా పరిగెత్తు. అంతే."

180లోంచి 42 పోతే తమరు. ఎంత మర్యాదస్తుల్లా కనిపించారండీ ఆ రోజు! ఇంట్లో త్వరగా, ఆఫీసులో త్వరగా, లిఫ్ట్ దగ్గర త్వరగా అని అందరూ తరిమే ఊళ్లో "మెల్లగా నాయనా" అనే పెద్దమనిషి ఒకరైనా దొరికారనుకున్నాను.

తమరిని పుట్టించింది ఫిల్ మాఫెటోన్ అనే అమెరికా ఆయన. ఆయన రాసిన నియమాలు చివరిదాకా చదివితే అందులో ఓ మెలిక ఉంది. పెద్ద జబ్బు నుంచి కోలుకుంటున్నవాళ్లు, రోజూ మందులు వాడేవాళ్లు ఇంకో 10 తగ్గించుకోవాలి. ఏడాదికి రెండుసార్లకు మించి జలుబు చేసేవాళ్లు, దెబ్బలు తగిలించుకున్నవాళ్లు, నాలుగు రోజులు పరిగెత్తి పది రోజులు మానేసేవాళ్లు 5 తగ్గించుకోవాలి. రెండేళ్లకు పైగా ఏ ఇబ్బందీ లేకుండా మెరుగవుతున్నవాళ్లయితే 5 కలుపుకోవచ్చు. నిజాయితీగా లెక్కేస్తే నా వాటాకు రావాల్సింది 133 గారు. వారి గుమ్మం తొక్కలేదు. స్కాలర్‌షిప్ కోసం ఆదాయం సర్టిఫికెట్లో జీతం సర్దినట్టు, జలుబుల లెక్క కాస్త సర్దాను. ఈ సంగతి మన మధ్యే ఉండాలి.

ఇక మొదటి రోజు. ఐదుంబావుకు ప్రగతినగర్ చెరువు దగ్గర మొదలుపెట్టాను. రెండు వందల మీటర్లు వెళ్లానో లేదో, గుండె తమరిని దాటేసిందని వాచీ టింగుమంది. వేగం తగ్గించాను. టింగ్. ఇంకా తగ్గించాను. ఇక కాళ్లు పరుగుకీ నడకకీ మధ్య ఎక్కడో త్రిశంకు స్వర్గంలో ఆడుతున్నాయి. టింగ్. నడిచాను. అప్పుడు ఊరుకుంది.

మంకీ క్యాప్, పైన స్వెట్టర్, చేతిలో కుక్కల కోసం కర్ర ఉన్న ఓ డెబ్బై ఏళ్ల పెద్దాయన నన్ను దాటుకుని వెళ్లారు. తర్వాతి చుట్టులో మళ్లీ వెనకనుంచే వచ్చారు. ఈసారి పక్కన కలిసి, "ఏం బాబూ, మోకాలా?" అని అడిగారు.

"కాదండీ, పరిగెడుతున్నాను."

ఆయన నా బూట్లు చూశారు. తర్వాత నన్ను చూశారు. "ఎప్పట్నుంచి?"

"ఇవాళే మొదలండీ."

"అలవాటవుతుందిలే, భయపడకు" అని భుజం తట్టి, నన్ను వదిలేసి ముందుకెళ్లిపోయారు. నడుచుకుంటూనే.

ఆ రోజు నా వేగం కిలోమీటరుకు 10 నిమిషాల 10 సెకన్లు. ఆ రాత్రి ఓదార్పు కోసం మార్క్ అలెన్ కథ చదివాను. హవాయిలో ఐరన్‌మ్యాన్ పోటీని 1989 నుంచి 1995 లోపు ఆరుసార్లు గెలిచిన మనిషి. ఈత, సైకిలు అయ్యాక 42 కిలోమీటర్లు పరిగెత్తే పోటీ అది. ఆయనకు ఇదే మాఫెటోన్ చెప్పిన అంకె 155. దానికి లోబడి పరిగెత్తితే మొదట్లో మైలుకు ఎనిమిదింబావు నిమిషాలు పట్టిందట. అంతకుముందు ఐదున్నర నిమిషాల్లో మైలు కొట్టేవాడికి అది పెద్ద నామోషీ. అయినా ఓపిక పట్టాడు. చివరికి అదే 155 దగ్గర మైలు 5 నిమిషాల 20 సెకన్లకు దిగింది. నాకు కళ్లు చెమర్చాయి. తుడుచుకుని, మైళ్లను కిలోమీటర్లలోకి మార్చి చూశాను. ఆయన నామోషీపడ్డ వేగం కిలోమీటరుకు 5 నిమిషాల 8 సెకన్లు. నన్ను కుక్క తరిమినప్పుడు కూడా అంత వేగం రాలేదు.

కుక్క అంటే గుర్తొచ్చింది. చెత్తకుండీ మలుపులో నాలుగున్నాయి. వాటి సమక్షంలో ఒకసారి నా గుండె 171 చూపించింది. తమరి నియమావళిలో దీనికి మినహాయింపు ఏమైనా ఉందా? జవాబు పోస్టులో పంపినా చాలు.

కొలిచే పనిముట్టు గొడవ వేరే. చేతి వాచీ వెనక ఆకుపచ్చ దీపం వెలుగుతూ చర్మం కింద రక్తం పోటెత్తడాన్ని చూసి లెక్కపెడుతుంది. బానే ఉంది. కానీ చెయ్యి ఊపుకి అది ఒక్కోసారి గుండెను వదిలేసి అడుగులు లెక్కపెడుతుందని నాకు నెల తర్వాత తెలిసింది. నిమిషానికి 168 అడుగులు వేస్తే, గుండె 168 అంటుంది. అంటే ఆ నెలంతా నేను తమరి మాట వినలేదు, నా బూట్ల మాట విన్నాను. అందుకని నేరుగా గుండెనే లెక్కపెట్టే ఛాతీ పట్టీ కొన్నాను. దాన్ని తడిపి కట్టుకుంటేనే సరిగ్గా పనిచేస్తుంది. చలిలో, తెల్లవారుజామున, తడి పట్టీ. బాత్రూంలో కొళాయి కింద పెట్టి తడుపుతుంటే మా ఆవిడ నిద్రకళ్లతో వచ్చింది.

"ఈ టైంలో ఏం ఉతుకుతున్నారు?"

"గుండె పట్టీ."

"పాప యూనిఫాం సాక్సులు ఆ బకెట్లోనే ఉన్నాయి. అవి కూడా ఓ చెయ్యి వేసెయ్యండి."

వేశాను. సాక్సులు ఉతికేటప్పుడు 118. కాబట్టి తమరి హద్దులోనే జరిగిన మొట్టమొదటి పని అది.

అసలు బాధ ఇప్పుడు చెబుతాను. గట్టిగా పరిగెత్తే రోజుల్లో ఐదు కిలోమీటర్లు అరగంటలో ముగించి, స్నానం చేసి, పాప టిఫిన్ బాక్సు సర్దేవాడిని. తమరి హయాంలో అదే ఐదుకు యాభై నిమిషాలు. ముందు పదిహేను నిమిషాలు ఒళ్లు వేడెక్కాలట, చివర్లో చల్లారాలట. నేను మనిషినా, పులిహోర అన్నమా? రాత్రి పదకొండున్నర దాకా అమెరికా వాళ్లతో కాల్. పొద్దున ఏడూ ఇరవైకి స్కూల్ బస్సు. ఈ రెండిటి మధ్య నిద్ర, పరుగు, సాక్సులు ఇరికించాలి. తీరికలేనివాణ్ణి మెల్లగా వెళ్లమనేవాళ్లు ఈ ఊళ్లో ఇద్దరే. ఒకరు తమరు, రెండోది మియాపూర్ సిగ్నల్.

పోనీ నిద్ర తగ్గించి లేద్దామా అంటే, నిద్ర చాలని రోజు గుండె అదే వేగానికి మరో ఏడెనిమిది ఎక్కువ కొట్టుకుంటుంది. అప్పుడింకా మెల్లగా వెళ్లాలి. అప్పుడింకా ఎక్కువ సేపు పడుతుంది. అందుకోసం ఇంకా ముందే లేవాలి. ఇంత చక్కటి గుండ్రటి రూలు రాయాలంటే ప్రభుత్వంలో కనీసం ముప్పై ఏళ్ల సర్వీసుండాలి.

అందుకే తెలివి ఉపయోగించాను. మాట్లాడుతూ పరిగెత్తగలిగితే అదే సరైన వేగం అని తమరి వాళ్లందరూ అంటారు కదా. మాట్లాడటమే కావాలంటే నాకు కాల్స్‌కి కొరతా? మార్చిలో రిలీజ్ వారం, ఉదయం ఆరింటికి కాల్. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, ఫోన్ మ్యూట్‌లో, చెరువు గట్టు మీద చల్లగాలి. 131. 130. 131. పుస్తకంలో బొమ్మ వేసుకోవచ్చు, అంత బాగుంది. అంతలో మేనేజర్ గొంతు నా పేరు పలికింది. నా అడుగు మారలేదు, దారి ఎత్తెక్కలేదు. వాచీలో 131 కాస్తా 139, 144.

"ఆ డిఫెక్ట్ ఎక్కడిదాకా వచ్చింది?"

"టెస్టింగ్‌లో ఉంది సర్." అది టెస్టింగ్‌లో లేదు. 149.

"ఇవాళ సాయంత్రానికి క్లోజ్ అయిపోతుందా?"

"అయిపోతుంది సర్." 154.

"వెనక ఏంటి ఆ చప్పుడు? బయట ఉన్నారా?"

"లేదు సర్, పక్కింటి కుక్క." 160.

ఇంటికొచ్చి గ్రాఫ్ తెరిచి చూస్తే మెట్లు మెట్లుగా ఉంది, అబద్ధానికి ఐదారు చొప్పున. ఆ తర్వాత ఆఫీసులో కూడా వాచీ తియ్యకుండా చూశాను. అప్రైజల్ గదిలో, ఏసీలో, మెత్తటి కుర్చీలో కదలకుండా కూర్చుని 109. అంటే జీతంతో పాటు కంపెనీ నాకు ఉచితంగా వార్మప్ కూడా చేయిస్తోంది. పాపం, ఆ ఖర్చు సీటీసీలో చూపించలేదు.

తమరి మీద చాడీలే చెప్పి ఊరుకుంటే పాపం తగులుతుంది. ఆగస్టులో ఫ్లైఓవర్ మీద నాకేమైందో ఇప్పుడు తెలుసు. ఒంట్లో చక్కెర నిల్వ మహా అయితే రెండు వేల కేలరీలు. గట్టిగా పరిగెత్తితే శరీరం ముందు దాన్నే ఊడ్చేస్తుంది. నా నడుం చుట్టూ మాత్రం పదిహేనేళ్లుగా ఫిక్స్‌డ్ డిపాజిట్ పెరుగుతోంది, కొవ్వు రూపంలో. మెల్లగా, ఎక్కువసేపు, నెలల తరబడి పరిగెత్తితే కండరాల్లో సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును కాల్చే మైటోకాండ్రియా పెరుగుతాయి, గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోడుతుంది. డిపాజిట్ విత్‌డ్రా చేసుకునే ఫారం అలా చేతికొస్తుంది. అసలు ఆ 180 అనే అంకెకి శరీరశాస్త్రంలో వేరే అర్థమంటూ ఏమీ లేదు, ఆయన అనుభవం మీద కుదిరిన లెక్క. ఒకే వయసున్న ఇద్దరికి ఒకే అంకె సరిపోకపోవచ్చు కూడా. అయినా మా ఇంట్లో జాతకాలు కలిపిన పద్ధతి కంటే ఇదే నయం.

ఈ వివరమంతా మా అమ్మకు చెబితే ఆవిడ విన్నది ఒక్కటే. "గుండె తక్కువ కొట్టుకోవడానికి పరిగెడుతున్నావా? అదేం పిచ్చిరా?" ఆవిడ బీపీకి అటెనలాల్ వేసుకుంటుంది. గుండె వేగం తగ్గించడం ఆ మాత్ర గుణం. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుండగా సరదాకి వాచీ ఆవిడ చేతికి కట్టాను. 58. నేను నాలుగు నెలలు గట్టు మీద పడి సాధించలేనిది, అమ్మ పావుకిలో చిక్కుళ్ల మధ్య సాధించింది. వాచీ తీసి నా చేతిలో పెడుతూ, "పరిగెత్తి పాలు తాగే కంటే నిలబడి నీళ్లు తాగడం మేలన్నారు. నువ్వేంట్రా, పరిగెత్తి కూడా నీళ్లే తాగుతున్నావు" అంది.

నెలకోసారి పరీక్ష పెట్టుకోమన్నారు కదా: అదే దారి, అదే గుండె వేగం, ఎంతసేపట్లో వెళ్తామో రాసుకోమని. రాశాను. జనవరిలో 10 నిమిషాల 10 సెకన్లు. ఫిబ్రవరిలో 9:55. మార్చిలో 9:30, ఆ రోజు ఇంట్లో అందరికీ జిలేబీ తెచ్చాను. ఏప్రిల్‌లో 10:20. ఎండలొచ్చాయి, ఒళ్లు చల్లబరచడానికి గుండె చర్మానికి కూడా రక్తం తోడాలి, అందుకే అదే వేగానికి ఎక్కువ కొట్టుకుంటుంది అని తమరి తరఫున నేనే సర్ది చెప్పుకున్నాను. కానీ కాగితం మీద లెక్క కాగితం మీదే ఉంది. నాలుగు నెలల తపస్సు చేసి పది సెకన్లు అప్పుపడ్డాను.

ఒక్కటి మాత్రం ఆ కాగితంలో లేదు. జనవరిలో నిద్రలో నా గుండె 74 ఉండేది, ఇప్పుడు 67. రాత్రి కాల్ లేని రోజున 65. ఇది మా ఆవిడకి చెబితే, "మీరు నిద్రపోయేటప్పుడు బాగానే పరిగెడుతున్నారన్నమాట" అంది.

ఇప్పుడు అసలు విన్నపం. ఈ నెల 16న నాకు 43 నిండుతాయి. ఆ తెల్లవారుజాము నుంచి తమరికి ట్రాన్స్‌ఫర్, తమరి కుర్చీలో 137 గారు కూర్చుంటారు. నాలుగు నెలలు బతిమాలినా ఒక్కటి పెంచని తమరు, నా పుట్టినరోజు కానుకగా ఒకటి తగ్గించి వెళ్తున్నారు. వీడ్కోలు సభ పెట్టి శాలువా కప్పుదామంటే మే నెలాయె. చెరువు గట్టు మీద కొబ్బరిబోండాం ఒకటి తమరి పేరున నేనే తాగుతాను.

137 గారికి ఛార్జి అప్పగించేటప్పుడు నా ఫైలు మీద ఒక్క ముక్క రాసి పెట్టండి. మనిషి మెల్లగానే ఉంటాడు, వారానికి నాలుగు రోజులు వస్తాడు, కుక్కలొచ్చినప్పుడూ మేనేజర్ పిలిచినప్పుడూ చూసీచూడనట్టు పోవాలి అని.

జలుబుల సంగతి మాత్రం రాయకండి.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
(కూర్చుని రాస్తుండగా, 84)