దయచేసి సింకు కింద తలుపు తీయకండి

పోయిన కార్తీకంలో మా వంటింటికి పదహారు కొత్త తలుపులు పెట్టించాను. తలుపులే. వాటి వెనకున్న బాక్సులు 2003లో వేదాయపాళెంలో ఇల్లు కట్టినప్పటివి. వాటి జోలికి నేను పోలేదు, ఎవర్నీ పోనివ్వలేదు. దీనిమీద మా ఇంట్లో ఇంకా కొంత అసంతృప్తి నడుస్తోంది. అయినా ఇంత మంచి పద్ధతి నెల్లూరులో ఒక్క కొంపకే పరిమితమైపోకూడదన్న సదుద్దేశంతో ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా అమ్మాయిని చూసుకోవడానికి ఒంగోలు నుంచి పెళ్లివారు వస్తామని కబురు పెట్టారు. అక్కడ మొదలైంది. పాత తలుపుల సన్‌మైకా అంచుల్లో లేచిపోయింది. కింది వరసలో రెండు తలుపులు ఉబ్బి, మూయాలంటే మోకాలితో తన్నాల్సి వచ్చేది. ఒకదానికి హ్యాండిల్ ఊడిపోతే మా ఆవిడ పాత చీర అంచు చింపి కట్టింది. చూడ్డానికి మొక్కుబడి కట్టిన చెట్టులా ఉండేది.

ఇంటికి మరమ్మతు అనగానే మా ఆవిడ కాగితం, పెన్నూ తీసుకుంది. ఇరవై ఏళ్లుగా ఈ రోజు కోసమే కాచుకుని ఉన్నట్టుంది, ఎక్కడా ఆగకుండా రాసిచ్చింది. గట్టు ఎత్తు పెంచాలి, వంగి వంగి నడుం పట్టేస్తోంది. కింది బాక్సుల్లో అరలు తీసేసి సొరుగులు పెట్టాలి. రెండడుగుల లోతులో వెనక్కి పోయిన మినప్పప్పు డబ్బా కోసం నేలమీద కూర్చుని తల లోపల పెట్టాల్సి వస్తోంది. చేపల పులుసు కాచిన రోజు ఆవిరి బయటికి పోయే దారి కావాలి. సింకు కింద కారుతున్న పైపు మార్చాలి.

రెండుసార్లు చదివాను. ఒక్కటంటే ఒక్కటి కూడా హాల్లో సోఫా మీద కూర్చున్న మనిషికి కనిపించేది లేదు. అంటే ఇవి వంట చేసే మనిషి సమస్యలే తప్ప వంటింటి సమస్యలు కావు. ఈ రెండింటినీ కలిపేసి చూడటం వల్లే చాలా ఇళ్లలో ఖర్చు అదుపు తప్పుతోందని నా అభిప్రాయం.

పైగా గట్టు ఎత్తు పెంచడమంటే మాటలా? మాది చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ. నల్లటి రాతిలో బంగారు చుక్కలు, రాత్రి లైటు వేస్తే ఆకాశం కిందికి దిగినట్టుంటుంది. ఆ మెరుపు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తుందట. దేశదేశాలకు ఓడల్లో పోయే రాయి. దాన్ని లేపితే పగుల్తుంది. రాయి పగిలితే మళ్లీ అతకదు, నడుముదేముంది, ఏదో ఒక తైలం ఉంటుంది. ఈ మాట పైకి అనలేదు. అనుభవం ఉన్నవాణ్ణి.

ఊళ్లో ఒక షోరూముకు కూడా వెళ్లొచ్చాం, వెళ్లలేదన్న మాట రాకూడదని. అక్కడి అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మా వంటింటిని గిర్రున తిప్పి చూపించింది. అందులో గట్టు మీద పచ్చ యాపిల్ పళ్ల బుట్ట ఒకటి తప్ప సరుకులేమీ లేవు. బెల్లం దిమ్మ లేదు, చింతపండు కుండ లేదు, బియ్యం డ్రమ్ము లేదు. ఆ వంటింట్లో మనుషులు ఏం తిని బతుకుతారో ఆ అమ్మాయికే తెలియాలి. చివర్లో ఒక అంకె చెప్పింది. ఆ అంకెతో పెళ్లి భోజనాలు అయిపోతాయి, స్వీటు రెండుసార్లు వడ్డించొచ్చు కూడా.

అప్పుడు నాకు తలుపుల ఆలోచన వచ్చింది. బాక్సు అలాగే ఉంటుంది, ముందు తలుపు మాత్రం కొత్తది. పగలగొట్టే పని లేదు, దుమ్ము లేదు, పొయ్యి ఒక్క పూట కూడా ఆగదు. ఖర్చు నాలుగో వంతు.

మేస్త్రిని పిలిపించాను. మంచి పనివాడు, అయితే కాస్త నిరాశావాది. వచ్చీ రాగానే ఒక్కో బాక్సునూ వేళ్ల కణుపులతో తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. సింకు దగ్గరికొచ్చేసరికి బద్, బద్. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కాడు. మలైకాజాలో దిగినట్టు దిగింది.

"బాక్సు గట్టిగా ఉంటేనే సార్, తలుపులు మార్చుకోవడంలో లాభం. ఇది ఎమ్మార్ ప్లై. గాల్లో తేమకి ఓర్చుకుంటుంది, నీళ్లలో నానితే పొరలు విడిపోతుంది. ఇక్కడ మెరైన్ ప్లై వాడుండాల్సింది."

మెరైన్ ప్లై గురించి కనుక్కున్నాను. దానికి ఐఎస్ 710 అని ఒక ప్రమాణం ఉంది. చెక్క ముక్కను 72 గంటలు మరిగే నీళ్లలో ఉంచినా పొరలు విడిపోకూడదట. గొప్పదే, కాదనను. కానీ మెరైన్ అంటే పడవలకు వాడే రకం. మాది వేదాయపాళెం, సముద్రం ఒడ్డునున్న మైపాడు కాదు. మా వంటింట్లో ఎవరూ వల వేయరు. అక్టోబరులో మొదలైన వానలు డిసెంబరు దాకా ఊరిని నానబెడతాయి, మిగతా నెలల్లో సముద్రపు ఉక్క ఉంటుంది, నిజమే. దాన్ని ఊరంతా భరిస్తుంటే బాక్సులు భరించలేవా?

లోపలంతా పుచ్చిపోయి పైన మెరిస్తే ఏం ప్రయోజనం, మేడిపండు లాగా, అంది మా అమ్మ. ఈ మేడిపండు సంగతి నన్ను చిన్నప్పటి నుంచీ బాధిస్తోంది. పండు తన మానాన తాను మేలిమిగా ఉంది. ఎవడో పనిలేనివాడు పొట్ట విప్పి, పురుగులున్నాయని ఊరంతా చాటాడు. తప్పు పండుదెలా అవుతుంది?

తలుపు మార్చి బాక్సు ఉంచడం నేనేదో కొత్తగా కనిపెట్టింది కూడా కాదు. మా మామగారిది కందుకూరు. ఆయన పుట్టింది నెల్లూరు జిల్లాలో. 1970లో కందుకూరు కొత్తగా పుట్టిన ఒంగోలు జిల్లాలోకి పోయింది. 1972లో ఆ జిల్లా ప్రకాశం అయింది. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్లీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. ఇన్ని మార్పుల్లో మా మామగారు అరుగు దిగలేదు. అదే పడక్కుర్చీ, అదే వక్కల సంచి. బోర్డులు మారాయి, ఆఫీసు స్టాంపులు మారాయి, అంతే. ప్రభుత్వాలే ఇంత పొదుపుగా నడుస్తుంటే నేనెందుకు బాక్సులు పీకించాలి?

రంగు దగ్గర మాత్రం మేం ఎక్కడా రాజీ పడలేదు. 2020లో పంచాయతీ భవనాల రంగుల గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రాష్ట్రం మనది. రంగంటే అంత తేలికైన విషయమా? బాక్సుల గురించి మా ఇంట్లో చర్చ జరిగింది రెండు నిమిషాలు, అదీ మేస్త్రి మాట్లాడాడు. రంగు మీద మూడు వారాలు జరిగింది. మా అమ్మాయి బెంగళూరు నుంచి వీడియో కాల్‌లో బూడిదరంగు అంది. బూడిద శుభకార్యానికి పనికిరాదని మా అమ్మ. చివరికి తళతళలాడే తెల్ల ఎక్రిలిక్ ఖాయమైంది, హ్యాండిల్స్ లేకుండా. ఇప్పుడు హ్యాండిల్స్ పెట్టుకోవడం నాగరికత కాదట. అంచు కింద వేళ్లు దూర్చి లాగాలి. వేళ్లకు పసుపుంటే పసుపు, దోసెపిండి ఉంటే దోసెపిండి తలుపు మీద పడుతుంది. మొదటి రోజు సాయంత్రానికే పదహారు తలుపుల మీదా మా ఆవిడ వేలిముద్రలు పడ్డాయి, పోలీసులు వచ్చి తీసుకున్నంత స్పష్టంగా. ఇప్పుడు మోచేత్తో తీయడం అలవాటు చేసుకుంది. మనిషన్నాక ఎప్పుడూ ఏదో ఒకటి నేర్చుకుంటూ ఉండాలి.

బిగించే రోజు నేను సెలవు పెట్టి దగ్గరుండి చూశాను. ఒక్కో తలుపుకి వెనకవైపు 35 మిల్లీమీటర్ల గుంట తొలిచి, అందులో హింజి గిన్నె కూర్చోబెట్టాడు మేస్త్రి. హింజికి రెండో సగం బాక్సు గోడకు బిగించాలి. అక్కడ ఆగింది వ్యవహారం. స్క్రూ తిరుగుతోంది, తిరుగుతోంది, బిగియడం లేదు. లోపల చెక్క పొడి పొడిగా రాలుతోంది. మేస్త్రి నావైపు ఒక చూపు చూసి, అగ్గిపెట్టె అడిగాడు. బీడీ కోసమనుకున్నాను. అగ్గిపుల్లలు విరిచి, ఫెవికాల్‌లో ముంచి, ఒక్కో కన్నంలో మూడేసి కుక్కి, వాటిమీద స్క్రూ దింపాడు. పదహారు ఎక్రిలిక్ తలుపుల బరువు ఈరోజు మా ఇంట్లో అగ్గిపుల్లలు మోస్తున్నాయి.

తర్వాత రసమట్టం తీసి తలుపు పైఅంచున పెట్టాడు. లోపలి బుడగ మధ్యలో నిలబడకుండా తూర్పుకు పరిగెత్తింది. హింజికి మూడు స్క్రూలుంటాయి. ఒకటి తిప్పితే తలుపు పక్కకు జరుగుతుంది, ఒకటి తిప్పితే లోపలికి, ఇంకొకటి తిప్పితే పైకో కిందికో. మూడూ తిప్పాడు. ఈ తలుపు సరైతే పక్క తలుపు దానికి రాసుకుంటోంది. గంటసేపు అలాగే కుస్తీ పట్టి, నుదురు తుడుచుకుని అన్నాడు: "బాక్సే ఒరిగింది సార్, తలుపేం చేస్తుంది?"

అన్ని తలుపులనూ బాక్సు ఒరిగిన వైపే సమానంగా ఒరిగించమన్నాను. పదహారూ ఒకే తీరుగా వంకరగా ఉంటే వంకర అని ఎవరికి తెలుస్తుంది? మేస్త్రి ఏమీ అనలేదు, కానీ ఆ రోజు నుంచి నన్ను సార్ అనడం కొంచెం తగ్గించాడు.

ఒక్క నష్టం మాత్రం ఒప్పుకోవాలి. ఇవి సాఫ్ట్ క్లోజ్ తలుపులు. ఎంత విసురుగా తోసినా చివరి రెండంగుళాల్లో ఆగి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా వెళ్లి మూసుకుంటాయి. పెళ్లయినప్పటి నుంచీ ఇంట్లో వాతావరణం నాకు తలుపుల చప్పుడుతోనే తెలిసేది. కృష్ణపట్నం రేవులో హెచ్చరికలు ఎగరేసినట్టు. గిన్నెల తలుపు టప్ మంటే ఒకటో నంబరు, బజారుకు పోయిరావడం మంచిది. పప్పుల తలుపు ఢామ్మంటే మూడో నంబరు. అటక తలుపు గనక దద్దరిల్లిందా, పదో నంబరు ప్రమాద హెచ్చరిక, ఆ పూట అన్నం హోటల్లోనే. ఇప్పుడు ఆ వ్యవస్థ మొత్తం పోయింది. మొన్న మా ఆవిడ వంటింట్లో ఎంతసేపు ఎన్ని తలుపులు విసిరికొట్టిందో నాకు తెలియదు. నేను హాల్లో ప్రశాంతంగా పేపరు చదువుకుంటున్నాను. తుపాను ఏ హెచ్చరికా లేకుండా నేరుగా తీరం దాటింది.

పెళ్లివారు వచ్చేరోజు సింకు కింద తలుపు ఎవరూ తీయకూడదని ఇంట్లో అందరికీ గట్టిగా చెప్పాను. అక్కడ ఐదు లీటర్ల పెయింటు బకెట్ ఉంటుంది. పైపు నుంచి చుక్క చుక్కగా అందులో పడుతుంది, మా ఆవిడ పొద్దునా సాయంత్రం పారబోస్తుంది. ప్లంబర్ని పిలవచ్చు కదా అని మీరనొచ్చు. అది తలుపుల బడ్జెట్‌లో లేదు. చుక్క పడేటప్పుడు టప్ మనకుండా బకెట్ అడుగున పాత లుంగీ ముక్క వేశాను. అదీ సాఫ్ట్ క్లోజ్ లాంటిదే.

వచ్చారు. టిఫిన్లయ్యాయి. అబ్బాయి తండ్రి నా పక్కన సోఫాలో కూర్చుని వంటింటి వైపు చూసి "బాగా చేయించారండీ" అన్నారు. నేను చెప్పింది ఇదే. సోఫా నుంచి చూస్తే బాగుంటుంది.

అబ్బాయి తల్లి పుట్టిల్లు చీమకుర్తి. అది ముందే కనుక్కోవాల్సింది. చెయ్యి కడుక్కునే మిషతో లేచి లోపలికి వెళ్లి, గట్టు మీద అరచెయ్యి వేసి, "ఈ రాయి మావైపుదే కదూ అండీ" అంది మా ఆవిడతో. పై వరసలో ఒక తలుపు తీసి వదిలేసి, అది మూసుకునేదాకా నిలబడి చూసింది. సింకు దగ్గర చెయ్యి కడుక్కుంది. కొళాయి కట్టేసింది. ఒక్క క్షణం ఆగింది. వంగింది.

నేను సోఫాలోంచి సగం లేచాను. మా ఆవిడ ఆపలేదు. పైగా పక్కకు జరిగి దారిచ్చింది.

ఆవిడ లోపలికి చాలాసేపు చూసింది. లుంగీ ముక్కను కూడా వేలితో ఎత్తి చూసిందనుకుంటాను. తలుపు వదిలేస్తే అది ఆగి, ఊపిరి పీల్చుకుని, మెల్లగా వెళ్లి మూసుకుంది.

"వదినగారూ," అంది. అప్పటిదాకా 'అండీ' అంటున్న మనిషి. "మా ఇంట్లోనూ ఇంతే. పోయినేడు తలుపులు మార్పించారు మీ అన్నయ్యగారు. కాకపోతే మేం పది లీటర్ల బకెట్ పెట్టుకున్నాం. రాత్రిపూట లేచే పని ఉండదు."

సోఫాలో ఆ అన్నయ్యగారు ఉన్నట్టుండి ఫ్యాను వైపు చూడటం మొదలుపెట్టారు.

మాఘంలో ముహూర్తం కుదిరింది. మర్నాడే ట్రంకురోడ్డుకు పోయి పది లీటర్ల బకెట్ తెచ్చాను. తెల్లది, తలుపులకు మ్యాచింగ్.