‘మోడల్ ఉంటే చాలు, డేటా అదే వచ్చేస్తుంది’ అనే మాట ఎందుకు తప్పు

బిల్డింగ్ డిజైన్ రంగంలో బిమ్ మోడల్ (గోడలు, తలుపుల లాంటి భాగాలను వాటి సమాచారంతో సహా చూపే 3డీ కంప్యూటర్ మోడల్) గురించి, దాన్ని ఒక సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి పంపే ఐఎఫ్‌సీ ఫైల్ ఫార్మాట్ గురించి ఒక మాట తెగ షేర్ అవుతోంది: "బిమ్ మోడల్ చేతిలో ఉంటే చాలు, అందులో అన్నీ ఉంటాయి. ఐఎఫ్‌సీకి ఎక్స్‌పోర్ట్ చేసి బటన్ నొక్కితే ఎస్టిమేట్‌కి, ఎనర్జీ లెక్కకి, మెయింటెనెన్స్‌కి ఎవరి డేటా వాళ్లకి వచ్చేస్తుంది. తేడా వస్తే ఏఐ సర్దేస్తుంది." దీన్ని నమ్మినవాళ్లు ప్రాజెక్ట్ చివర్లో ఎక్సెల్ ముందు కూర్చుని ఒక్కో వరుసా చేత్తో దిద్దుకుంటున్నారు. ఆ టెన్షన్ పడేది ఈ మాట చెప్పినవాళ్లు కాదు. అందుకే దీన్ని ముక్కలుగా విడదీసి చూడాలి.

ముందుగా "అన్నీ ఉంటాయి" అనేది. మోడల్‌లో ఉండేది ఎవరో ఒకరు నింపింది మాత్రమే. ఐఎఫ్‌సీలో గోడకు ‘ఈజ్ ఎక్స్‌టర్నల్’ (బయటి గోడా కాదా), ‘లోడ్ బేరింగ్’ (బరువు మోస్తుందా), ‘ఫైర్ రేటింగ్’ (మంటలను ఎంతసేపు తట్టుకుంటుంది) లాంటి ప్రాపర్టీలు సిద్ధంగా ఉన్నాయి, నిజమే. కానీ డ్రాయింగ్ కోసం గోడ గీసిన ఆర్కిటెక్ట్‌కు వాటితో పని పడదు, ఖాళీగా వదిలేస్తారు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. బయటి గోడలను ఏరడానికి రాసిన స్క్రిప్ట్ ‘అవును’ అని ఉన్నవాటినే తీసుకుంటుంది. ‘కాదు’ అని రాసిన గోడా, ఏమీ రాయని గోడా రెండూ ఒకే తీరుగా పక్కకు పోతాయి. ఎర్రర్ రాదు. లిస్టు నీట్‌గా వస్తుంది, ఇన్సులేషన్ వేయాల్సిన గోడలు కొన్ని అందులో ఉండవు. ఫైర్ రేటింగ్‌దీ ఇదే కథ. ఆ ప్రాపర్టీ మామూలు టెక్స్ట్ కాబట్టి ఒకరు ‘120’ అని, ఇంకొకరు ‘2 గంటలు’ అని, మరొకరు ‘ఆర్ఈఐ 120’ అని రాస్తారు. చదివే మనిషికి అర్థమవుతుంది కానీ ఫిల్టర్‌కు అవి మూడు వేర్వేరు విలువలు.

ఇక "ఐఎఫ్‌సీకి ఎక్స్‌పోర్ట్ చేస్తే సరి" అనేది. ఐఎఫ్‌సీ మంచి ప్రమాణం, 2013 నుంచి ఐఎస్ఓ 16739గా ఉంది. ఎవరి సాఫ్ట్‌వేర్‌కూ కట్టుబడని ఫార్మాట్ మనకు ఉండటం చిన్న విషయం కాదు. అయితే ఫైల్‌లోకి ఏం వెళ్లాలో నిర్ణయించేది ఎక్స్‌పోర్ట్ సెట్టింగులే. చాలా టూల్స్‌లో బేస్ క్వాంటిటీలు (పొడవు, వైశాల్యం లాంటి కొలతలు), స్పేస్ బౌండరీలు (గదికి, దాని చుట్టూ ఉన్న గోడలకు మధ్య హద్దులు) విడివిడి ఆప్షన్లు. టిక్ పెట్టకపోతే అవి లేకుండానే ఫైల్ వెళ్తుంది. మ్యాపింగ్ (ఏ భాగం ఐఎఫ్‌సీలో ఏ రకంగా వెళ్లాలో చెప్పడం) సరిగా చేయకపోతే మోడలర్ పెట్టిన కాలమ్ (స్తంభం) ‘బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ’గా, అంటే ఏ రకమో చెప్పని వస్తువుగా మారిపోతుంది. వ్యూయర్‌లో కాలమ్ నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది, కాలమ్‌ల లెక్కలో మాత్రం రాదు.

"ఎవరి డేటా వాళ్లకి" అన్న మాటకు ఒక్క గోడ చాలు. పొడవు 5 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు, మందం 200 మిల్లీమీటర్లు, అందులో 0.9 బై 2.1 తలుపు. మొత్తం 15 చదరపు మీటర్లు, తలుపు తీసేస్తే 13.11. కట్టుబడికి దాన్ని మందంతో గుణిస్తే సుమారు 2.62 ఘనపు మీటర్లు. పెయింటింగ్‌కు అదే 13.11ని రెండు వైపులకు లెక్కేస్తే 26.22 వస్తుంది. కానీ 2.6 మీటర్ల ఎత్తులో రెండు వైపులా ఫాల్స్ సీలింగ్ ఉంది, పైభాగానికి రంగు వేయరు. అసలు వేయాల్సింది 22.22. ఒక్క గోడకే 4 చదరపు మీటర్ల తేడా! మోడల్ తప్పు చెప్పలేదు, అడిగినవాళ్లు తమ పనికి పనికిరాని అంకె తీసుకున్నారు. ఎనర్జీ లెక్కకైతే ఆ గోడకు అవతల రెండు గదులు ఉంటే దాన్ని ఏ గదికి ఎంత తగులుతుందో ముక్కలు చేయాలి. దానికి ఇలా అవతలి గదులను బట్టి విడదీసిన హద్దులు, అంటే సెకండ్ లెవెల్ స్పేస్ బౌండరీలు కావాలి. గదులు సరిగా మూసుకోని మోడల్‌లో అవి సరిగా పుట్టవు.

ఏఐ సంగతి పొట్టిగానే చెప్పొచ్చు. మూడు రకాలుగా రాసిన ఫైర్ రేటింగ్‌ను ఒక దారికి తేవడంలో అది సాయపడగలదు. ఎవరూ నింపని రేటింగ్‌ను మాత్రం అది ఊహించగలదే గానీ వెలికితీయలేదు. అగ్నిప్రమాదంలో మనుషుల ప్రాణాలకు సంబంధించిన చోట ఊహను డేటాగా రాసుకోవడం నాకు అస్సలు ఒప్పుకోలేని పని.

మరి చేయాల్సిందేమిటి? మోడల్ గీయకముందే ఏ పనికి, ఏ ఎలిమెంట్‌కు, ఏ ప్రాపర్టీ, ఏ రూపంలో కావాలో రాసి ఇవ్వాలి. మెయింటెనెన్స్ డేటాను అప్పగించడానికి కోబీ అనే ప్రామాణిక ఫార్మాట్ ఎప్పటినుంచో ఉంది. ఐఎఫ్‌సీని రూపొందించే సంస్థ బిల్డింగ్‌స్మార్ట్ 2024లో ప్రమాణంగా ఆమోదించిన ఐడీఎస్ (ఇన్ఫర్మేషన్ డెలివరీ స్పెసిఫికేషన్)తో ఈ అవసరాలను కంప్యూటర్ చదివేలా రాయొచ్చు. ఫైల్ అందగానే ఖాళీగా ఉన్నవీ, తప్పు రూపంలో ఉన్నవీ బయటపడతాయి. ఐడీఎస్ జ్యామితిని చెక్ చేయదు కాబట్టి కొలతల కోసం మాత్రం తలుపున్న గోడ ఒకటి, ఫాల్స్ సీలింగ్ ఉన్న గది ఒకటి ఎంచుకుని చేత్తో లెక్కేయండి. స్క్రిప్ట్ ఇచ్చిన అంకె దానితో కలిశాకే మిగతా బిల్డింగ్ మీద నడపండి.