బస్సు దిగాక రోగి నడక సంగతి
కొత్త ఆసుపత్రి వరంగల్ నడిబొడ్డునే, పాత సెంట్రల్ జైలు స్థలంలోనే వస్తోంది కాబట్టి రాకపోకలకు చిక్కే ఉండదన్న మాటను నేను ఒప్పుకోలేను. ములుగు, భూపాలపల్లి నుంచి వచ్చే రోగికి అసలు దూరం బస్సు దిగాకే మొదలవుతుంది. రెండేళ్ల క్రితం నగరంలోనే, పనులు జరుగుతున్న వేరొక ఆసుపత్రికి అమ్మను తీసుకెళ్లాను. దగ్గరి గేటుకు రేకులు అడ్డం పెట్టారు, ఆటో రోడ్డు మీదే దింపేసింది. ఒక చేత్తో ఎక్స్‌రే కవరు, మరో చేత్తో నా భుజం పట్టుకుని అమ్మ ఆ ప్రహరీ చుట్టూ నడిచింది. రెండుసార్లు ఇటుకల కుప్ప మీద కూర్చుంది. ఇక రాత్రి వార్డులో డ్రిల్లింగ్ మోత, చెవులకు కొంగు చుట్టుకుని పడుకుంది. ఆసుపత్రి చుట్టూ కనీసం 100 మీటర్లను నిశ్శబ్ద మండలంగా ప్రభుత్వం ప్రకటించవచ్చని, అలా ప్రకటించిన చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు 40 డెసిబెళ్లు దాటకూడదని 2000 నాటి కేంద్ర నిబంధనలే చెబుతున్నాయి. ఆ కొత్త ఆసుపత్రి 24 అంతస్తుల భవనం కావాలి, మా జిల్లాలకు చాలా అవసరం కూడా. కానీ బస్సు ఎక్కడ ఆగుతుందో, నడవలేని వాళ్లను అక్కడి నుంచి ఓపీ దాకా ఎవరు చేరుస్తారో ముందే తేల్చండి.